హైవే మీద కరెంటు కారు: ఫాస్ట్ ఛార్జింగ్ ఎంతదాకా వచ్చింది?

హైదరాబాదు నుంచి విజయవాడకు 65వ నంబరు జాతీయ రహదారి మీద సుమారు 275 కిలోమీటర్లు. పెట్రోలు కారున్నవాళ్ళకు ఇదొక దూరమే కాదు. చౌటుప్పల్ దాటాక టిఫిను చేయాలా, సూర్యాపేటలో భోజనానికి ఆగాలా అన్నంతవరకే వాళ్ళ ఆలోచన. కరెంటు కారు కొన్నవాళ్ళ సంగతి వేరు. ప్రయాణానికి ముందురోజు రాత్రే ఫోన్‌లో నాలుగైదు యాప్‌లు తెరిచి, నకిరేకల్‌లో ఛార్జరు ఎక్కడుంది, సూర్యాపేటలో ఎన్ని గన్‌లు (కారుకు తగిలించే ప్లగ్గులు) ఉన్నాయి, కోదాడలోది పనిచేస్తోందా అని చూసుకుంటారు. రెండు రోజుల కిందట ఎవరో అక్కడ ఛార్జింగ్ పెట్టుకున్నట్టు రాస్తే, అది చదివి ధైర్యం తెచ్చుకుంటారు.

ఈ దారుల్లో కొన్నేళ్ళుగా కరెంటు కారు నడుపుతున్నాను. బంధువులు, తెలిసినవాళ్ళు నన్ను అడిగేది ఒక్కటే: "ఊళ్ళో తిరగడానికి సరే, దూరప్రయాణానికి పనికొస్తుందా?" దీనికి అవుననో కాదనో ఒక్క ముక్కలో చెప్పేస్తే సరిపోదు. ఇందులో నాలుగు ప్రశ్నలున్నాయి. కారులోని బ్యాటరీ ఎంత వేగంగా కరెంటు తీసుకోగలదు? దారిలో ఉన్న యంత్రం ఎంత ఇవ్వగలదు? మనం వెళ్ళే వేళకు ఆ యంత్రం పనిచేస్తూ ఉంటుందా? దాన్ని పెట్టినవాళ్ళకు గిట్టుబాటు అవుతుందా? ఒక్కొక్కటీ విడదీసి చూస్తే మనం ఎక్కడ ముందున్నామో, ఎక్కడ వెనకబడ్డామో తెలుస్తుంది.

బస్తా నిండే తీరు

బ్యాటరీ దాచుకునేది డీసీ కరెంటు. మన ఇళ్ళకు వచ్చేది ఏసీ. ఇంట్లో ఛార్జింగ్ పెట్టినప్పుడు ఏసీని డీసీగా మార్చే పని కారులోపలే ఉండే చిన్న ఛార్జరు చేస్తుంది. మన దగ్గర చాలా కార్లలో దాని సామర్థ్యం 3.3 కిలోవాట్లో, 7.2 కిలోవాట్లో ఉంటుంది. అందుకే ఇంటి దగ్గర రాత్రంతా పడుతుంది. ఫాస్ట్ ఛార్జరులో ఆ మార్పిడి బయటి యంత్రంలోనే జరిగి, డీసీ నేరుగా బ్యాటరీలోకి వెళ్తుంది. 60 కిలోవాట్ల యంత్రం గంటకు 60 యూనిట్లు, అంటే నిమిషానికి ఒక యూనిట్ ఇవ్వగలదు. హైవే మీద యూనిట్‌కు ఆరు కిలోమీటర్లు అనుకుంటే, నిమిషం ఆగినందుకు ఆరు కిలోమీటర్ల దారి దక్కుతుంది.

అయితే ఈ వేగం చివరిదాకా ఉండదు. కళ్ళంలో వడ్లు బస్తాకెత్తడం చూసినవాళ్ళకు ఇది సులువుగా అర్థమవుతుంది. మొదట గంపలకు గంపలు దిమ్మరిస్తారు. మూతి దగ్గరికి వచ్చేసరికి బస్తాను కుదిపి, దోసిళ్ళతో సర్ది నింపాలి. బ్యాటరీ కూడా అంతే. ఖాళీగా ఉన్నప్పుడు లిథియం అయాన్లు గ్రాఫైట్ పొరల్లోకి చకచకా చేరతాయి. నిండేకొద్దీ చోటు తగ్గుతుంది. అప్పుడు కూడా అదే వేగంతో తోస్తే లిథియం లోపలికి పోకుండా పైనే లోహంలా పేరుకుంటుంది. అది బ్యాటరీ ఆయుష్షును తగ్గిస్తుంది, ప్రమాదం కూడా. అందుకే 80 శాతం దగ్గరికి రాగానే కారే వేగం తగ్గించమని యంత్రానికి చెబుతుంది.

ఒక లెక్క చూద్దాం. 45 యూనిట్ల బ్యాటరీ ఉన్న కారు 15 శాతంతో వచ్చి 80 శాతానికి నింపుకుంటే ఎక్కేది 29 యూనిట్లు. సగటున 45 కిలోవాట్ల చొప్పున తీసుకుంటే 40 నిమిషాల్లోపే అయిపోతుంది. ఆ పైన మిగిలిన 20 శాతం 9 యూనిట్లే అయినా, చాలా కార్లలో దానికి అరగంటకు పైనే పడుతుంది. దూరప్రయాణంలో నూరు శాతం నింపుకోవాలనుకునేవాళ్ళు తమ సమయాన్నీ, వెనక నిలబడ్డవాళ్ళ సమయాన్నీ పోగొడుతున్నారు.

వేడి మరో సంగతి. నార్వేలో చలికి బ్యాటరీ గడ్డకట్టినట్టై ఛార్జింగ్ మందగిస్తుంది కాబట్టి అక్కడి కార్లు స్టేషను చేరేలోపు బ్యాటరీని వేడెక్కించుకుంటాయి. మన బాధ దానికి ఎదురు. మే నెల మధ్యాహ్నం, రామగుండంలోనో రెంటచింతలలోనో ఎండ 45 డిగ్రీలు దాటే రోజుల్లో, రెండు గంటలు హైవే మీద పరుగెత్తి వచ్చిన బ్యాటరీ అప్పటికే వేడిగా ఉంటుంది. ఫాస్ట్ ఛార్జింగ్ దాన్ని ఇంకా వేడెక్కిస్తుంది. ద్రవంతో చల్లబరిచే ఏర్పాటు ఉన్నా, కారు తనను తాను కాపాడుకోవడానికి కరెంటు తగ్గించుకోవడం మామూలే. ఛార్జరు మీద నీడ కోసం వేసే రేకుల కప్పు మన వాతావరణంలో సోకు కోసం కాదు. అది యంత్రానికీ, కేబుల్‌కీ, బండికీ, మనిషికీ అవసరం.

బోర్డు మీద అంకె, బండికి అందేది

కొన్నేళ్ళ కిందట మన దేశంలో ఏ గన్ ఏ కారుకు పడుతుందో తెలియని గందరగోళం ఉండేది. జపాను నుంచి వచ్చిన చాడెమో, ఐరోపా నుంచి వచ్చిన సీసీఎస్-2, మన తొలినాటి తక్కువ వోల్టేజి కార్ల కోసం రూపొందించిన 15 కిలోవాట్ల భారత్ డీసీ-001, ఈ మూడూ పక్కపక్కన ఉండేవి. ఇప్పుడు కార్ల విషయంలో ఆ తగవు తీరింది. ఇవాళ అమ్ముడవుతున్న మన కార్లలో ఫాస్ట్ ఛార్జింగ్ అంటే దాదాపుగా సీసీఎస్-2 అనే అర్థం. ఇది చిన్న విజయం కాదు. అమెరికాలో ఇదే తగవు 2022 నవంబరులో టెస్లా తన గన్ నమూనాను ఇతర కంపెనీలకు తెరిచిన తరవాత గానీ తెగే దారిలో పడలేదు.

గన్ ఒకటైనా, బోర్డు మీద రాసిన అంకె బండికి అందుతుందన్న హామీ లేదు. 60 కిలోవాట్లని రాసి ఉన్న యంత్రం కరెంటు పరిమితి 150 ఆంపియర్లు అనుకోండి. 350 వోల్టుల బ్యాటరీకి అది ఇవ్వగలిగేది 52 కిలోవాట్లే. యంత్రానికి రెండు గన్‌లుండి, పక్క గన్‌కు ఇంకో కారు తగిలించి ఉంటే చాలాచోట్ల 60 కాస్తా 30, 30గా చీలిపోతుంది. సాయంత్రం వేళ లైన్‌లో వోల్టేజి పడిపోతే ఆ మేరకు ఇంకా తగ్గుతుంది.

కొత్త కార్ల వేగం చూస్తే ఈ తేడా ఇంకా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. 2023 జనవరిలో మన దేశంలో విడుదలైన హ్యుందాయ్ అయోనిక్ 5 లోది 800 వోల్టుల ఏర్పాటు. 350 కిలోవాట్ల యంత్రం దొరికితే 10 నుంచి 80 శాతానికి 18 నిమిషాలు చాలని కంపెనీ చెబుతుంది. 2024 నవంబరులో వచ్చిన మహీంద్రా బీఈ 6, ఎక్స్‌ఈవీ 9ఈ కార్లలో 79 యూనిట్ల బ్యాటరీ ఉన్న రకం 175 కిలోవాట్ల స్థాయి ఛార్జింగ్‌తో 20 నుంచి 80 శాతానికి 20 నిమిషాల్లో చేరుతుందంటారు. అదే కారును 60 కిలోవాట్ల గన్‌కు తగిలిస్తే, ఎక్కాల్సిన 47 యూనిట్లకు 50 నిమిషాలు పడుతుంది. అంటే కార్లు యంత్రాలను దాటి ముందుకు వెళ్ళిపోయాయి. పెద్ద బ్యాటరీ, పెద్ద వేగం కోసం లక్షలు ఎక్కువ పెట్టి కొన్న మనిషి, చిన్న గన్ దగ్గర అందరితోపాటే నిలబడుతున్నాడు.

రేంజి లెక్క: కాగితం మీదా, రోడ్డు మీదా

టాటా నెక్సాన్ 45 యూనిట్ల రకానికి, వాహనాలను పరీక్షించే సంస్థ ఏఆర్ఏఐ లెక్క ప్రకారం, రేంజి 489 కిలోమీటర్లు. నిజజీవితంలో వచ్చేది 350 నుంచి 375 అని కంపెనీయే వేరుగా ప్రకటించింది. హైవే మీద గంటకు వంద కిలోమీటర్ల వేగంతో, ఏసీ వేసుకుని, నలుగురు కూర్చుని వెళ్తే ఇలాంటి కారుకు 270 నుంచి 290 వస్తే బాగా వచ్చినట్టే. ఇందులో మోసమేమీ లేదు, గాలి చేసే పని ఇది. గాలి నిరోధానికి అయ్యే ఖర్చు వేగం వర్గానికి తగ్గట్టు పెరుగుతుంది. 80 వేగం నుంచి 110కి పెంచితే కిలోమీటరుకు గాలిని చీల్చుకుపోయే ఖర్చు దాదాపు 90 శాతం పెరుగుతుంది. పెట్రోలు కారుకూ ఈ నియమమే వర్తిస్తుంది. కానీ అక్కడ బంకులు అడుగడుగునా ఉన్నాయి కాబట్టి మనం పట్టించుకోలేదు.

ఘాట్ రోడ్లంటే చాలామందికి భయం. ఆ భయంలో నిజం సగమే. మనుషులతో కలిపి 1,900 కిలోల బరువున్న కారు వెయ్యి మీటర్ల ఎత్తు ఎక్కడానికి అదనంగా అయ్యేది 5 యూనిట్లకు కాస్త ఎక్కువ. విశాఖపట్నం నుంచి అరకుకు ఎక్కేటప్పుడు శాతం గబగబా పడిపోతుంటే గుండె జారినట్టుంటుంది. కానీ దిగేటప్పుడు మోటారే జనరేటరై అందులో మంచి భాగం తిరిగి ఇచ్చేస్తుంది. ఎక్కుతున్నప్పుడు పడిన బెంగ దిగుతున్నప్పుడు తీరుతుంది. కొండ మీదికి చేరేటంత ఛార్జి ఉంటే చాలు.

మామూలు 45 యూనిట్ల కారుకు నా అనుభవంలో కుదిరిన లెక్క ఇది. ఇంటి దగ్గర నూరు శాతంతో బయల్దేరితే 15 శాతం మిగిలేలోపు సుమారు 240 కిలోమీటర్లు. ఆ తరవాత ప్రతి ఆగుడుకూ 80 శాతం దాకా నింపుకుంటే 180 కిలోమీటర్లు. ఈ లెక్కన విజయవాడకు ఒక్కచోట ఆగితే చాలు, అది సూర్యాపేట చుట్టుపక్కలైతే భోజనంతోపాటే తీరిపోతుంది. 44వ నంబరు రహదారి మీద 570 కిలోమీటర్ల బెంగళూరు ప్రయాణానికి కర్నూలు దగ్గర ఒకసారి, అనంతపురం దాటాక మరోసారి ఆగాలి. విజయవాడ నుంచి విశాఖకు 350 కిలోమీటర్లు, మధ్యలో రాజమహేంద్రవరం దగ్గర ఒక ఆగుడు. పిల్లలూ పెద్దవాళ్ళూ ఉన్న కుటుంబం ఎలాగూ రెండు మూడు గంటలకొకసారి ఆగుతుంది. ఆ ఆగుడూ ఈ ఆగుడూ ఒకటైతే దూరప్రయాణంలో పోయే సమయం చాలా తక్కువ. ఇక్కడిదాకా సమస్య లేదు.

ఉన్న యంత్రం, పనిచేసే యంత్రం

అసలు చిక్కు ఇక్కడే మొదలవుతుంది. ఒక వేసవిలో కుటుంబంతో వెళ్తూ 18 శాతంతో ఒక స్టేషనుకు చేరాను. యాప్‌లో పచ్చ గుర్తు ఉంది, ఖాళీ అని చూపిస్తోంది. యంత్రం తెర మాత్రం నల్లగా ఉంది. పక్క హోటల్ వాచ్‌మన్ వచ్చి, "మూడు రోజులయింది సార్ ఆగిపోయి, ఫోన్ చేస్తే ఎత్తుతలేరు" అన్నాడు. ఏసీ ఆపేసి, అరవై వేగంతో, 28 కిలోమీటర్ల అవతలి ఛార్జరు దాకా వెళ్ళాం. వెనక సీట్లో అమ్మ చీర కొంగుతో విసురుకుంటూ కూర్చుంది, ఒక్క మాటా అనలేదు. ఆ రోజు నుంచి యాప్‌లో ఎన్ని గన్‌లు కనిపించినా, వాటి వెనక మనిషెవరైనా ఉన్నాడా అనే చూస్తున్నాను.

యంత్రం పనిచేయకపోవడానికి కారణాలు చాలా ఉంటాయి. గన్ తగిలించగానే కారూ యంత్రమూ ఒక సన్నని తీగ మీద మాట్లాడుకుంటాయి. నీ వోల్టేజి ఎంత, ఎంత కరెంటు కావాలి, ఇన్సులేషన్ సరిగా ఉందా అన్న సంభాషణ కుదిరాకే యంత్రం కరెంటు వదులుతుంది. కొన్ని కార్లకూ కొన్ని యంత్రాలకూ ఈ మాటలు కలవవు. రెండోది నెట్‌వర్క్. యంత్రంలోని సిమ్‌కు సిగ్నల్ లేకపోతే డబ్బు కట్టినట్టు దానికి తెలియదు. మూడోది లైను. పల్లె ఫీడర్ మీద ఉన్న స్టేషనులో గాలివాన వస్తే కరెంటు పోతుంది. నాలుగోది మన నిర్లక్ష్యం. గన్‌ను నేల మీద పడేయడం, ఎవరో ఎర్ర ఎమర్జెన్సీ బటన్ నొక్కి వెళ్ళిపోవడం, దాన్ని తిప్పి పైకి లాగాలని తరవాత వచ్చినవాళ్ళకు తెలియకపోవడం. ఐదోది డబ్బు కట్టే పద్ధతి. ఒక్కో కంపెనీకి ఒక్కో యాప్, ఒక్కో వాలెట్, కనీసం ఇంత వేయాలన్న షరతు. కిరాణా కొట్టులో పది రూపాయలకు యూపీఐ పనిచేస్తున్న దేశంలో, ఛార్జరు దగ్గర మాత్రం కొత్త యాప్ దింపుకుని ఓటీపీ కోసం సిగ్నల్ వెతుక్కోవాలి.

ఇది మన దేశానికే పట్టిన జాడ్యం కాదు. 2022లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ పరిశోధకులు శాన్‌ఫ్రాన్సిస్కో బే ప్రాంతంలో అందరికీ తెరిచి ఉన్న 657 ఫాస్ట్ ఛార్జింగ్ గన్‌లను స్వయంగా వెళ్ళి పరీక్షించారు. వాటిలో సరిగా పనిచేసినవి 72.5 శాతం. అంత డబ్బూ, అన్ని కార్లూ ఉన్నచోట కూడా నాలుగింట ఒకటికి పైగా ఒట్టిపోయాయంటే, యంత్రం నిలబెట్టడం వేరు, దాన్ని బతికించుకోవడం వేరు అని అర్థం.

ప్రభుత్వం చేసింది, చేయనిది

న్యాయంగా చెప్పాలంటే విధానాల్లో మన దేశం త్వరగానే కదిలింది. బండికి ఛార్జింగ్ చేయడం కరెంటు అమ్మకం కాదు, అదొక సేవ, దానికి లైసెన్సు అక్కర్లేదని 2018 ఏప్రిల్‌లోనే కేంద్ర విద్యుత్ శాఖ తేల్చింది. ఆ ఒక్క మాటతో ఎవరైనా స్టేషను పెట్టుకోగలిగారు. అదే ఏడాది డిసెంబరులో మార్గదర్శకాలు వచ్చాయి. నగరంలో మూడు కిలోమీటర్ల గడికి ఒకటి, హైవేకి రెండు వైపులా ప్రతి 25 కిలోమీటర్లకు ఒకటి, పెద్ద వాహనాల కోసం ప్రతి 100 కిలోమీటర్లకు ఒకటి ఉండాలన్నారు. 2023 మార్చిలో మూడు ప్రభుత్వ చమురు కంపెనీలకు 7,432 ఫాస్ట్ ఛార్జింగ్ స్టేషన్ల కోసం 800 కోట్లు మంజూరు చేశారు. 2024 అక్టోబరులో మొదలైన పీఎం ఈ-డ్రైవ్ పథకంలో ఛార్జింగ్ కోసమే 2,000 కోట్లు కేటాయించారు. అందులో కార్ల ఫాస్ట్ ఛార్జర్లు 22,100. తెలంగాణ 2024 నవంబరులో కరెంటు వాహనాలకు రోడ్డు పన్ను, రిజిస్ట్రేషను రుసుము 2026 డిసెంబరు 31 దాకా ఎత్తేసింది.

ఫలితం అంకెల్లో కనిపిస్తుంది. 2024 ఫిబ్రవరిలో దేశంలో 12,146 పబ్లిక్ ఛార్జింగ్ స్టేషన్లుంటే, ఆ ఏడాది ముగిసేసరికి 25 వేలు దాటాయి. సంతోషించాల్సిందే. కానీ ఈ లెక్కలో నగరంలోని స్లో ఛార్జర్లూ హైవే మీది ఫాస్ట్ ఛార్జర్లూ కలిసే ఉన్నాయి. ఎన్ని పెట్టారో చెబుతారు గానీ, నిన్న వాటిలో ఎన్ని పనిచేశాయో సామాన్యుడికి చెప్పేవాళ్ళు లేరు. సబ్సిడీ పెట్టినందుకు వస్తోంది. నడిపినందుకు కూడా రావాలి.

గిట్టుబాటు ముడి

స్టేషన్లవాళ్ళను తిట్టడం తేలిక. వాళ్ళ లెక్క కూడా చూడాలి. ఒక పల్లె హైవే మీద రోజుకు మూడు కార్లు వచ్చి, ఒక్కొక్కటి 25 యూనిట్లు ఎక్కించుకుంటే అమ్ముడయ్యేది 75 యూనిట్లు. యూనిట్‌కు ఎనిమిది రూపాయలు మిగిలినా రోజుకు 600. లక్షల ఖరీదైన యంత్రం, ట్రాన్స్‌ఫార్మరు, స్థలం అద్దె, మరమ్మతులు ఇందులోంచే రావాలి. కాబట్టే అక్కడ కాపలా మనిషి ఉండడు, యంత్రం ఆగితే మెకానిక్ వెంటనే రాడు. కార్లు రాక స్టేషను చెడుతుంది, స్టేషను చెడిందని కార్లు రావు.

ప్రయాణికుడి వైపు చూస్తే, హైవే ఛార్జర్ల దగ్గర యూనిట్ ధర చాలాచోట్ల 20 రూపాయల అటూఇటూ ఉంటోంది. పన్నుతో కలిపి 24 అనుకుంటే విజయవాడ ప్రయాణానికి 46 యూనిట్లకు సుమారు 1,100 రూపాయలు. లీటరుకు 15 కిలోమీటర్లిచ్చే పెట్రోలు కారుకు హైదరాబాదు ధరలో 1,900 దాటుతుంది. ఇంటి దగ్గర ఎక్కించుకున్న మొదటి బ్యాటరీ కూడా లెక్కేస్తే ఖర్చు ఇంకా తగ్గుతుంది. లాభం ఉంది. కానీ ఇక్కడొక పొంతన లేని నియమం ఉంది. కరెంటు కారు మీద జీఎస్టీ 5 శాతం, దానికి హైవే మీద ఛార్జింగ్ చేసే సేవ మీద 18 శాతం. ఇంట్లో పెట్టుకుంటే కరెంటు మీద జీఎస్టీ అసలే లేదు. సొంత పార్కింగు లేని అపార్ట్‌మెంటువాసి, టాక్సీ డ్రైవరు, దూరం వెళ్ళే కుటుంబం మాత్రమే ఆ 18 శాతం కడుతున్నారు.

కేంద్ర విద్యుత్ శాఖ 2024 సెప్టెంబరు మార్గదర్శకాల్లో మంచి ఆలోచన ఒకటి ఉంది. ఉదయం తొమ్మిది నుంచి సాయంత్రం నాలుగు దాకా, సూర్యుడి కరెంటు పుష్కలంగా ఉండే వేళ, స్టేషన్లకు సగటు సరఫరా ఖర్చులో 0.7 వంతు ధరకే కరెంటు ఇవ్వాలనీ, మిగతా వేళల్లో 1.3 వంతు తీసుకోవాలనీ అన్నారు. అనంతపురం, కర్నూలు జిల్లాల్లో అంతంత సోలార్ పార్కులున్న మనకు ఇది అతికినట్టు సరిపోతుంది. ఆ తగ్గింపు స్టేషను దగ్గర ఆగిపోకుండా ప్రయాణికుడి బిల్లులో కూడా కనిపిస్తే, జనమే పగటి ప్రయాణానికి మళ్ళుతారు.

ఊరు చేరాక

ఫాస్ట్ ఛార్జింగ్ గురించి ఎంత మాట్లాడినా, దాని అవసరాన్ని తగ్గించేది గమ్యంలో దొరికే స్లో ఛార్జింగ్. రాత్రి పది గంటలు 3 కిలోవాట్ల చొప్పున ఎక్కితే 30 యూనిట్లు, తెల్లారేసరికి 180 కిలోమీటర్ల దారి సిద్ధం. దానికి కావలసింది మోటారుకు వాడే 15 ఆంప్స్ సాకెట్టు ఒకటి. కానీ పల్లెల్లో చాలా ఇళ్ళల్లో ఎర్తింగ్ సరిగా ఉండదు. ఎర్తింగ్ లేకపోతే కారుతో వచ్చే పోర్టబుల్ ఛార్జరు ఎర్ర లైటు వేసి ఆగిపోతుంది. అలా ఆగడం మన ప్రాణం కోసమే, దాన్ని మోసం చేసే చిట్కాలు ఎవరు చెప్పినా వినకండి. పండక్కి వెళ్ళేముందే ఊళ్ళో ఎలక్ట్రీషియన్‌ను పిలిపించి, గొయ్యి తీయించి, బొగ్గూ ఉప్పూ వేసి ఎర్తింగ్ చేయించుకుంటే ఆ ఇంటికే రక్ష.

యాత్రాస్థలాలకు ఇది మరీ ముఖ్యం. హైదరాబాదు నుంచి శ్రీశైలం రానూపోనూ 420 కిలోమీటర్లకు పైనే. మన్ననూరు దాటాక దారంతా అమ్రాబాద్ పులుల అభయారణ్యం. రాత్రి తొమ్మిది నుంచి ఉదయం ఆరు దాకా గేటు మూస్తారు. ఆ అడవి మధ్యలో స్టేషన్లు పెట్టమనడం ఎవరికీ మంచిది కాదు. చేయాల్సింది కొండ మీది వసతి గృహాల పార్కింగులో రాత్రంతా ఛార్జింగ్ పెట్టుకునే సాకెట్లు వరసగా ఏర్పాటు చేయడం. తిరుపతి, అన్నవరం, భద్రాచలం, యాదగిరిగుట్ట, ఎక్కడైనా ఇదే మందు, ఖర్చు కూడా తక్కువ.

పండగ పరీక్ష

ఏ ఏర్పాటుకైనా సంక్రాంతే అసలు పరీక్ష. భోగికి రెండు రోజుల ముందు పంతంగి, కొర్లపహాడ్ టోల్‌గేట్ల దగ్గర బారులు తీరే కార్లను ఏటా టీవీల్లో చూస్తున్నాం. ఆ వరసలో కరెంటు కార్ల వాటా ఏటేటా పెరుగుతోంది. రెండు గన్‌ల స్టేషనులో ఒక్కో కారుకు 40 నిమిషాలంటే గంటకు వెళ్ళేది మూడు కార్లు. ఇరవై కార్లు వరసలో ఉంటే చివరివాడి వంతు వచ్చేసరికి దాదాపు ఏడు గంటలు. ఇది ఊహ కాదు. చైనాలో 2021 జాతీయ దినోత్సవ సెలవుల్లో హైవే సర్వీసు ఏరియాల్లో జనం గంటలకొద్దీ నిలబడ్డారు. అంత పెద్ద ఛార్జింగ్ వ్యవస్థ ఉన్న దేశం సైతం పండగ తాకిడికి ముందుగా సిద్ధం కాలేదు.

ఇక్కడ మెగావాట్ల వేగం గురించి చెప్పుకోవాలి. 2025 మార్చిలో బీవైడీ ఐదు నిమిషాల్లో 400 కిలోమీటర్ల దారికి సరిపడా ఎక్కించే 1,000 కిలోవాట్ల ఛార్జింగ్‌ను చూపించింది. అది మనకూ ఏదో ఒకనాడు వస్తుంది. కానీ ఒక్క గన్‌కు వెయ్యి కిలోవాట్లంటే ఒక చిన్న ఊరికి సరిపడే కరెంటు. సూర్యాపేట దగ్గర ఒకే చోట 60 నుంచి 120 కిలోవాట్ల గన్‌లు పది ఉంటే, ఒకటి చెడినా తొమ్మిది ఉంటాయి. నేటి మన అవసరానికి అదే మేలు.

బయటి దేశాల నుంచి తీసుకోదగ్గవి

2024లో నార్వేలో అమ్ముడైన కొత్త కార్లలో దాదాపు 89 శాతం పూర్తి కరెంటువే. పన్నుల రాయితీలు ఒక కారణమైతే, హైవే మీద ఒకేచోట ఎక్కువ గన్‌లుండే స్టేషన్లు మరో కారణం. ఐరోపా సమాఖ్య 2023లో చేసిన చట్టం ముఖ్య రహదారుల మీద ప్రతి 60 కిలోమీటర్లకు కనీసం 400 కిలోవాట్ల మొత్తం సామర్థ్యం, అందులో 150 కిలోవాట్ల గన్ ఒకటైనా ఉండాలని శాసించింది. కొత్త ఫాస్ట్ ఛార్జర్ల దగ్గర సభ్యత్వం లేకుండానే కార్డుతో చెల్లించే వీలుండాలంది. అమెరికా తన జాతీయ పథకం కింద డబ్బు తీసుకున్న ఛార్జర్లు 97 శాతం సమయం పనిచేయాలని 2023లో షరతు పెట్టింది. బ్రిటన్ ఇంకా ముందుకెళ్ళి, ఫాస్ట్ ఛార్జర్ల వ్యవస్థ ఏడాది మొత్తంలో 99 శాతం నమ్మకంగా నడవాలని చట్టం చేసింది.

అమెరికా, బ్రిటన్ నియమాల్లో ఒక సంగతి ఉమ్మడిగా ఉంది. ఎన్ని పెట్టారన్న లెక్క నుంచి ఎంతసేపు పనిచేశాయన్న లెక్కకు వాళ్ళు మళ్ళారు. మనం ఇంకా మొదటి లెక్క దగ్గరే ఉన్నాం.

ఏం చేయాలి

కారు నడిపేవాళ్ళకు నా సలహాలు కొన్నే. 20 శాతం మిగిలి ఉండగానే స్టేషను చేరండి, తరవాతి స్టేషను ఎక్కడో ముందే చూసుకోండి. ఒకే గన్ ఉన్న చోటుకన్నా నాలుగున్న చోటు పది కిలోమీటర్లు దూరమైనా అక్కడికే వెళ్ళండి. వెనక ఎవరైనా ఉంటే 80 శాతం దగ్గర గన్ తీసి దారివ్వండి. గన్‌ను దాని చోట్లోనే పెట్టండి. పనిచేయని యంత్రం గురించి కంపెనీకి ఫిర్యాదు చేసి, తరవాత వచ్చేవాళ్ళ కోసం ఆ విషయం యాప్‌లో రాయండి. పెట్రోలు కార్లవాళ్ళకూ ఒక విన్నపం. ఛార్జరు ముందున్న ఖాళీ నీడ పార్కింగు కోసం కాదు. అక్కడ మీరు బండి పెడితే ఇంకొకరి ప్రయాణం ఆగిపోతుంది.

ప్రభుత్వాలు చేయాల్సింది ఇంతకన్నా ముఖ్యమైనది. సబ్సిడీ తీసుకున్న ప్రతి స్టేషను నెలనెలా ఎన్ని గంటలు పనిచేసిందో జనం చూసేలా ప్రకటించాలి. సబ్సిడీలో కొంత భాగాన్ని ఆ గంటలకు ముడిపెట్టాలి. ప్రతి యంత్రం మీద యూపీఐ కోడ్ ఉండి, ఏ యాప్ లేకుండానే డబ్బు కట్టి ఛార్జింగ్ మొదలుపెట్టే వీలుండాలి. జాతీయ రహదారి మీద కొత్తగా అనుమతిచ్చే స్టేషనులో నాలుగు గన్‌లకు తగ్గకూడదు. పైన కప్పు, రాత్రి వెలుగు, శుభ్రమైన మరుగుదొడ్డి తప్పనిసరి చేయాలి. ఒంటరిగా బండి నడుపుకుని వచ్చే ఆడపిల్ల రాత్రి పదింటికి చీకట్లో నలభై నిమిషాలు కూర్చోవాల్సిన చోటు ఎన్ని కిలోవాట్లున్నా స్టేషను అనిపించుకోదు. ఛార్జింగ్ సేవ మీది 18 శాతం పన్నును కారు మీది 5 శాతానికి తేవాలి.

బంధువులు అడిగే ఆ మొదటి ప్రశ్నకు నా సమాధానం ఇది. కరెంటు కారు దూరప్రయాణానికి పనికొస్తుంది. బ్యాటరీలు సిద్ధంగా ఉన్నాయి, గన్ తగవు తీరింది, ప్రధాన రహదారుల మీద యంత్రాలు వచ్చాయి, ఖర్చు పెట్రోలులో దాదాపు సగమే. మిగిలిన లోటు ఒక్కటే: ఆ యంత్రం మనం వెళ్ళేసరికి పనిచేస్తుందన్న భరోసా. అది డబ్బుతోనో కొత్త సాంకేతికతతోనో కొనుక్కునేది కాదు. పనిచేయనప్పుడు జవాబు చెప్పాల్సినవాళ్ళు ఎవరో చట్టం తేల్చిన రోజున అది వస్తుంది. 97 శాతం పని గంటల నియమం మన రహదారులకూ కావాలని వాహనదారులు అడగాలి, మన ఎంపీల చేత పార్లమెంటులో అడిగించాలి.